మిరాక్రేడిల్ కూలింగ్ తొట్టె: ఊపిరి అందక పుట్టిన బిడ్డకు ఇది చేసేదేమిటి, చేయలేనిదేమిటి

పెట్టె తెరిచి మిరాక్రేడిల్‌ను మొదటిసారి చూసినవాళ్లకు ఇదొక వైద్య పరికరమంటే నమ్మబుద్ధి కాదు. మందపాటి గోడల ప్లాస్టిక్ తొట్టె, అందులో పరిచే పలకలు, వాటి మీద మెత్తటి పరుపు. అంతే. మోటారు లేదు, పంపు లేదు, నీళ్ల గొట్టాలు లేవు. బిడ్డ ఉష్ణోగ్రత చూపే మానిటర్‌కు తప్ప కరెంటుతో పని లేదు. పుట్టుకలో ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న పసిబిడ్డ శరీరాన్ని 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు రోజులు నిలబెట్టడం దీని పని. గురుగ్రామ్‌కు చెందిన ప్లస్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీస్, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ నవజాత శిశు వైద్యులతో కలిసి దీన్ని రూపొందించింది.

కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్) డాక్టర్లకు, సిస్టర్లకు పనికొచ్చేలా ఈ సమీక్ష రాస్తున్నాం. "మీ బిడ్డకు కూలింగ్ పెడుతున్నాం" అన్న మాట విని ఏమీ అర్థంకాక బయట కూర్చున్న తల్లిదండ్రులు కూడా చదవొచ్చు. మొదటే ఒక మాట: తొట్టె బాగుంది. కానీ బిడ్డ బాగుపడటానికి తొట్టె ఒక్కటే చాలదు. ఆ తేడా ఎక్కడుందో చెప్పాలంటే ముందు ఆక్సిజన్ లెక్క చూడాలి.

నెలలు నిండిన బిడ్డ కిలో బరువుకు నిమిషానికి 6 మిల్లీలీటర్లకు తగ్గకుండా ఆక్సిజన్ ఖర్చు చేస్తుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లకు 3, 4 మిల్లీలీటర్లు చాలు. 3 కిలోల బిడ్డకు నిమిషానికి 18 మిల్లీలీటర్లు అనుకుంటే గంటకు లీటరు పైచిలుకు. ఒక లీటరు ఆక్సిజన్ ఒంట్లో ఖర్చయితే దాదాపు 20 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. అంటే ఆ చిన్న ఒంటి నుంచి గంటకు 21, 22 కిలోజౌళ్ల వేడి వస్తుంటుంది. వాట్లలో చెప్పాలంటే 6, ఒక చిన్న ఎల్ఈడీ బల్బు అంత. తొట్టె పలకలు మింగేది ఈ వేడినే. బిడ్డ ఎంత ఆక్సిజన్ ఖర్చు పెడితే తొట్టెకు అంత పని.

శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ తగ్గితే మెదడు ఆక్సిజన్ వాడకం సుమారు 6, 7 శాతం తగ్గుతుంది. 37 నుంచి 33.5కి దిగితే మొత్తం మీద 22 శాతం చుట్టూ. 18 మిల్లీలీటర్ల ఖర్చు 14కు వస్తుందన్నమాట. ఇంతేనా అనిపించవచ్చు. కానీ ఊపిరి అందని బిడ్డ మెదడు ఒక్కసారిగా చచ్చిపోదు. పుట్టిన వెంటనే రక్తప్రసరణ తిరిగి అందాక కణాలు కాస్త తేరుకుంటాయి. ఆ తెరిపి కొన్ని గంటలే. తర్వాత కణాల్లో శక్తి తయారుచేసే యంత్రాంగం రెండోసారి కూలబడటం మొదలవుతుంది, రోజుల తరబడి సాగుతుంది. ఫిట్స్ రావడం, మెదడు వాయడం ఎక్కువగా ఆ దశలోనే. మధ్యలో దొరికే ఆ తెరిపిలోనే చల్లబరిస్తే ఖర్చు తగ్గుతుంది. దానితోపాటు కణాన్ని చంపే రసాయనాల వరుస, అంటే గ్లూటమేట్ అనే మెదడు రసాయనం పొంగడం, విష రాడికల్స్, వాపు, కణం తనను తానే ముగించుకునే ప్రక్రియ, ఇవన్నీ నెమ్మదిస్తాయి. పుట్టిన 6 గంటల్లోపే మొదలుపెట్టాలి అనే నియమం ఇక్కడి నుంచి వచ్చింది. ఏడో గంటకు తొట్టె సిద్ధం చేసే యూనిట్‌కు దీనివల్ల పెద్దగా ఒరిగేది లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. చల్లబరచడం వేరు, చలి పెట్టడం వేరు. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డను చల్లటి గదిలో తడి గుడ్డ మీద వదిలేస్తే ఆక్సిజన్ వాడకం తగ్గదు, పెరుగుతుంది. చర్మం చలిని పసిగట్టగానే మెడ దగ్గర, భుజాల మధ్య, కిడ్నీల చుట్టూ ఉండే గోధుమరంగు కొవ్వు మండటం మొదలవుతుంది. పసిబిడ్డలు పెద్దగా వణకరు. వాళ్ల వణుకంతా ఈ కొవ్వు మంటే. ఆ మంటకు ఆక్సిజన్ కావాలి, గ్లూకోజ్ కావాలి. అందుకే పుట్టిన బిడ్డను తుడిచి, వెచ్చగా చుట్టి, తల్లి గుండెల మీద పెట్టమని చెబుతాం. అది ఎప్పటికీ నిజమే. తొట్టెలో జరగాల్సింది దీనికి పూర్తిగా భిన్నం: శరీరం లోపలి ఉష్ణోగ్రత నెమ్మదిగా, అదుపులో దిగాలి, దిగిన చోట ఊగకుండా నిలబడాలి, బిడ్డ ఆ చలితో పోరాడకూడదు. పోరాడే బిడ్డ 33.5 దగ్గర ఉన్నా ఆక్సిజన్ ఆదా కాదు.

బిడ్డ పోరాడుతోందని చెప్పేది గుండె వేగమే. చల్లబడ్డ బిడ్డకు గుండె నిమిషానికి 80 నుంచి 110 మధ్య కొట్టుకోవడం మామూలు. మానిటర్‌లో అలారం 100 దగ్గర ఉంచేస్తే రాత్రంతా మోగుతూనే ఉంటుంది, చివరికి ఎవరో ఒకరు సౌండ్ ఆపేస్తారు. తొట్టెలో పెట్టగానే కింది హద్దును 80కి మార్చండి. అసలు భయపడాల్సింది తగ్గినందుకు కాదు, తగ్గనందుకు. 33.5 దగ్గర గుండె 130 కొడుతోందంటే బిడ్డకు నొప్పి ఉంది, లేదా ఫిట్స్ నడుస్తున్నాయి, లేదా రక్తం చాలట్లేదు, లేదా చలికి తట్టుకోలేకపోతోంది. మత్తు, నొప్పి మందు సరిపోతోందా అన్నది ముందు చూడాల్సిన విషయం. అదే చేత్తో మోతాదు విషయంలో జాగ్రత్త కూడా అవసరం. చల్లటి ఒంట్లో కాలేయం, కిడ్నీలు మందును నెమ్మదిగా వదిలించుకుంటాయి. నొప్పి మందు మార్ఫిన్ పేరుకుపోతుంది, ఫిట్స్ మందు ఫినోబార్బిటాల్ ఎక్కువసేపు ఉంటుంది, యాంటీబయాటిక్ జెంటామైసిన్‌కు డోసుల మధ్య ఎడం పెంచాలి.

ఇక తొట్టె పనితనం. చలికాలం పొద్దున గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టండి. నూనె కరుగుతున్నంతసేపూ సీసా పెద్దగా వేడెక్కదు. వచ్చిన వేడంతా కరగడానికే పోతుంది. పూర్తిగా కరిగాకే ఉష్ణోగ్రత పైకి కదులుతుంది. కొబ్బరినూనె ఈ పని 24 డిగ్రీల చుట్టుపక్కల చేస్తే, ఈ తొట్టె పలకల్లోని పదార్థాన్ని ఒక రకం 29 డిగ్రీల దగ్గర, మరో రకం 21 డిగ్రీల దగ్గర కరిగేలా తయారుచేశారు. 29 పలక మీద పడుకున్న బిడ్డకు కింద ఉన్న చలి ఎప్పుడూ 29 డిగ్రీలకు కాస్త అటూ ఇటూనే. మంచుగడ్డ సున్నా దగ్గర కరుగుతుంది. ఐస్ ప్యాకులు, ఫ్రిజ్ జెల్ ప్యాకులు పెట్టినచోట చర్మం మరీ చల్లబడుతుంది, ప్యాక్ కరిగాక వేడెక్కుతుంది, మళ్లీ కొత్తది పెడతారు. బిడ్డ ఉష్ణోగ్రత 32కీ 35కీ మధ్య ఊగుతుంది, సిస్టర్ పక్కనుంచి కదలలేదు. వెల్లూరు బృందం 2015లో ప్రచురించిన ఫలితాల్లో ఈ ఫేజ్ చేంజ్ (కరుగుతూ వేడిని మింగే పదార్థం) పద్ధతితో బిడ్డలు సగటున గంటన్నరలో లక్ష్యానికి చేరారు. తర్వాత సగటు ఉష్ణోగ్రత 33.45, దాని ఊగిసలాట 0.26 డిగ్రీలు. కంప్యూటర్ నడిపించని వస్తువుకు ఇది మెచ్చుకోదగ్గ నిలకడ. ఈ తొట్టెకు మేము వేసే మార్కుల్లో సగం ఈ ఒక్క అంకెకే.

వేడి లెక్క ఇంకాస్త చూస్తే తొట్టెను ఎలా వాడాలో అర్థమవుతుంది. 3 కిలోల బిడ్డను 37 నుంచి 33.5కి దించాలంటే ఒంట్లోంచి దాదాపు 37 కిలోజౌళ్లు తీసెయ్యాలి, గంటగంటకూ ఒంట్లో కొత్తగా పుట్టే వేడి దీనికి అదనం. అందుకే మొదట దించే దశలో 21 పలకల సాయం తీసుకుని, దిగాక 29 పలకల మీద నిలబెడతారు. ఏ పొర కింద ఏది, ఎన్ని అన్నది కంపెనీ ఇచ్చే చార్టు ప్రకారమే చేయండి, ఊహతో వద్దు. నిలబడిన తర్వాత బిడ్డ రోజుకు 400 కిలోజౌళ్ల వేడి విడుస్తుంది. అందులో కొంత పైనుంచి గదిలోకి పోతుంది, మిగతాది పలకలోకి. గది 24 నుంచి 26 డిగ్రీలు ఉంటే పలకలు చాలాసేపు నిలుస్తాయి. ఏసీ ఆగిన వార్డులో, మే నెలలో, గది 34 డిగ్రీలు ఉంటే? ఇప్పుడు పలక బిడ్డ వేడినే కాదు, గది వేడిని కూడా మింగుతుంది. తొట్టెకు కరెంటు అక్కర్లేదన్న మాట విని ఏసీ లేని గదికి కొనకండి. పైగా కరిగిన పలక మళ్లీ గట్టిపడాలంటే ఫ్రిజ్ కావాలి, దానికి కరెంటు కావాలి.

పలకలను ఫ్రిజ్ కింది భాగంలో, డీప్ ఫ్రీజర్‌లో కాదు, ముందే గట్టిపరచి ఉంచుకోవాలి. వ్యాక్సిన్లు పెట్టే ఫ్రిజ్‌లో వద్దు. వెచ్చటి పలకలు ఒకేసారి నాలుగు పెడితే లోపలి ఉష్ణోగ్రత పైకి పోయి టీకాలు పాడవుతాయి. పలక గట్టిగా ఉందో లేదో తెలుసుకోడానికి రెండు చేతులతో పట్టుకుని అంచులు, మధ్య భాగం నొక్కి చూడండి. అంచు గట్టిగా, మధ్యలో మెత్తగా ఉంటే సగమే గట్టిపడింది. ఊపితే లోపల కదిలిందంటే అది వేడిని మింగే స్థితిలో లేదు. గట్టి పలక, కరిగిన పలక రెండూ చేతికి చల్లగానే తగలొచ్చు, తాకి నిర్ణయించకండి. ఫ్రిజ్ నుంచి తీసిన పలక కాసేపు దాని కరిగే ఉష్ణోగ్రత కంటే చాలా చల్లగా ఉంటుంది. దాన్ని నేరుగా బిడ్డ ఒంటికి తగలనివ్వకూడదు. పరుపు పొర మధ్యలో ఉండి తీరాలి.

పలకలు అనుకున్నదానికంటే త్వరగా కరుగుతుంటే దాన్ని పలకల లోపంగా కొట్టిపారేయకండి. గది వేడెక్కలేదు, రేడియంట్ వార్మర్ (బిడ్డను పైనుంచి వెచ్చబరిచే యంత్రం) ఆపే ఉంది, కామెర్లకు పెట్టే ఫోటోథెరపీ దీపం లేదు, అయినా పలక కరిగిపోతోందంటే బిడ్డ ఎక్కువ వేడి పుట్టిస్తోంది, అంటే ఎక్కువ ఆక్సిజన్ తగలేస్తోంది. పైకి కనపడని ఫిట్స్ ఉన్నాయేమో, జ్వరం తెచ్చే ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. ఇంత సాదా వస్తువు బిడ్డ గురించి ఇంత చెప్పడం మాకు ఈ తొట్టెలో బాగా నచ్చిన విషయం.

పెట్టే విధానం. ముందు ఎవరికి: 36 వారాలు నిండిన బిడ్డ, 1,800 గ్రాములకు తగ్గని బరువు, 6 గంటల లోపు వయసు, బొడ్డుతాడు రక్తంలో గానీ మొదటి గంట రక్తంలో గానీ పీహెచ్ (రక్తం ఎంత ఆమ్లంగా మారిందో చెప్పే అంకె) 7.0 లేదా అంతకు తక్కువ, లేదా బేస్ డెఫిసిట్ (రక్తంలో పేరుకున్న ఆమ్లానికి కొలత) 16 లేదా ఎక్కువ. లేకుంటే పదో నిమిషంలో అప్గార్ (పుట్టిన బిడ్డ పరిస్థితికి పదికి వేసే మార్కు) 5 లేదా తక్కువ, లేదా పదో నిమిషానికీ బ్యాగుతోనే ఊపిరి ఇవ్వాల్సి రావడం. వీటితోపాటు మధ్యస్థం లేదా తీవ్రమైన ఎన్‌కెఫలోపతి (మెదడు పనితీరు దెబ్బతినడం) లక్షణాలు పరీక్షలో కనిపించాలి. మామూలుగా చురుగ్గా ఉన్న బిడ్డకు ఒక్క పీహెచ్ చూసి కూలింగ్ పెట్టరు. 36 వారాలు నిండని బిడ్డకు అసలు పెట్టరు.

వార్మర్ ఆపండి. టోపీ, గుడ్డలు తీసేసి వదులుగా డైపర్ మాత్రం ఉంచండి. రెక్టల్ ప్రోబ్‌కు (మలద్వారంలో పెట్టి ఉష్ణోగ్రత చూసే తీగ) జెల్లీ రాసి 5 సెంటీమీటర్ల లోతుకు పంపి, గుర్తు పెట్టుకుని, తొడకు ప్లాస్టర్‌తో అంటించండి. లక్ష్యం చేరేదాకా 15 నిమిషాలకోసారి చూసి రాయాలి. చేరాక గంటకోసారి. హద్దులు 33 నుంచి 34. 34 దాటుతుంటే పలక కరిగిందేమో చూసి మార్చండి. 33 కిందికి పోతుంటే చార్టు చెప్పినట్టు పలక తగ్గించండి లేదా బిడ్డకూ పరుపుకూ మధ్య పల్చటి గుడ్డ పొర పెట్టండి. అదీ చాలకపోతే వార్మర్‌ను చాలా తక్కువ మీద కాసేపు వేయండి. 32 కిందికి దిగనివ్వకూడదు. అక్కడ గుండె లయ తప్పడం, రక్తం గడ్డకట్టే గుణం పడిపోవడం మొదలవుతాయి, అప్పుడు ఆదా అయిన ఆక్సిజన్ వల్ల లాభం లేదు.

సర్వో (ఉష్ణోగ్రత చూసి తానే సర్దుకునే ఏర్పాటు) లేని తొట్టెలో అతి పెద్ద ప్రమాదం ప్రోబ్ జారడం. ప్రోబ్ సగం బయటికి వస్తే అంకె పడిపోతుంది. "బిడ్డ చల్లబడిపోయింది" అని గాభరాపడి వార్మర్ వేస్తారు. అసలు బిడ్డ 34.5కి ఎక్కేస్తుంది, అంకె మాత్రం 33 చూపిస్తుంది. దీన్ని పట్టుకోడానికి ఒక లెక్క గుర్తుంచుకోండి. 3 కిలోల ఒళ్లు ఒక డిగ్రీ దిగాలంటే 10 కిలోజౌళ్లకు పైగా వేడి పోవాలి. అది 5 నిమిషాల్లో పోవాలంటే 35 వాట్ల చొప్పున లాగాలి. ఈ పలకలకు అంత శక్తి లేదు. కాబట్టి 5 నిమిషాల్లో ఒక డిగ్రీ పడితే అది బిడ్డ కాదు, ప్రోబే. ముందు ప్లాస్టర్ చూడండి, తర్వాతే వార్మర్.

థర్మామీటర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మామూలు గాజు జ్వరం థర్మామీటర్ అంకెలు 35 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. 33.5లో ఉన్న బిడ్డ చంకలో పెడితే అది ఏమీ చెప్పదు. చిన్న ఆసుపత్రి నుంచి పెద్ద ఆసుపత్రికి పంపేటప్పుడు "వార్మర్ ఆపి పంపండి" అని ఫోన్లో చెప్పేవాళ్లు తక్కువ ఉష్ణోగ్రత చూపే థర్మామీటర్ అక్కడ ఉందా అని అడగాలి. లేకపోతే ఏసీ అంబులెన్సులో గంటన్నర ప్రయాణంలో బిడ్డ 31కి దిగిపోయినా ఎవరికీ తెలియదు. తీవ్రంగా దెబ్బతిన్న బిడ్డ తన వేడిని తాను కాపాడుకోలేదు, ఐస్ పెట్టకుండానే చల్లబడిపోతుంది.

వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకు ఇంకో లెక్క ఉంది, యూనిట్లు ఎక్కువగా తప్పేది దీనిలోనే. రక్త వాయువుల యంత్రం ఎవరి రక్తం పెట్టినా 37 డిగ్రీలకు వేడిచేసి కొలుస్తుంది. చల్లటి రక్తంలో వాయువు ఎక్కువ కరిగి ఉంటుంది, వేడెక్కాక పీడనం పెరుగుతుంది. యంత్రం కార్బన్ డయాక్సైడ్ పీడనం 40 మిల్లీమీటర్లు అని చూపిస్తే 33.5 దగ్గర ఉన్న బిడ్డలో అసలు విలువ 34 చుట్టూ. యంత్రం 32 చూపిస్తే అసలు 27, 28. కార్బన్ డయాక్సైడ్ అంత పడిపోతే మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఆక్సిజన్ ఆదా చేద్దామని చల్లబరిచి, అదే మెదడుకు రక్తం తగ్గించినట్టవుతుంది. చల్లబడ్డ బిడ్డ కార్బన్ డయాక్సైడ్ తయారుచేసేదే తక్కువ కాబట్టి మొదటి గంటల్లో పెట్టిన వెంటిలేటర్ సెట్టింగులు తర్వాత ఎక్కువైపోతాయి. రేటు తగ్గించుకుంటూ రావాలి. శాంపిల్ పెట్టేటప్పుడు బిడ్డ ఉష్ణోగ్రత యంత్రంలో నమోదు చేయండి. చేశారో లేదో రిపోర్టు మీద చూడండి. ఈ రోజు 37 విలువ, రేపు సరిదిద్దిన విలువ చూసి పోల్చడం అన్నిటికంటే ప్రమాదం.

ఆక్సిజన్ సాచురేషన్ (హిమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ నిండిన శాతం) కూడా ఊరికే నమ్మడానికి లేదు. చల్లదనానికి ఆక్సిజన్ మీద హిమోగ్లోబిన్ పట్టు బిగుస్తుంది. గర్భంలో పిండం వాడిన హిమోగ్లోబిన్‌కు అసలే పట్టు ఎక్కువ. సగం ఆక్సిజన్ వదలాలంటే 37 డిగ్రీల దగ్గర పీడనం 19 మిల్లీమీటర్లకు దిగాలి. 33.5 దగ్గర దాదాపు 16కు దిగితే గానీ వదలదు. ఆక్సీమీటర్ 95 చూపిస్తున్నా ధమనిలో ఆక్సిజన్ పీడనం మనం అనుకున్నదానికంటే తక్కువే. కణాలకు అవసరం కూడా తగ్గింది కాబట్టి మామూలుగా సరిపోతుంది. అంకె చూసి కంగారుపడి ఆక్సిజన్ శాతం పెంచేయకండి, దెబ్బతిన్న మెదడుకు అధిక ఆక్సిజన్ కూడా హానే. 92 నుంచి 98 మధ్య ఉంచండి. అరచేతులు, పాదాలు చల్లబడి రక్తనాళాలు ముడుచుకుంటాయి కాబట్టి ఆక్సీమీటర్ ప్రోబ్ సిగ్నల్ తరచూ పోతుంది. కుడి చేతికి పెట్టి, గంటలకొద్దీ ఒకేచోట ఉంచకుండా మారుస్తుండాలి. ఊపిరితిత్తుల్లో పీడనం ఎక్కువున్న బిడ్డకు చల్లదనం దాన్ని ఇంకా పెంచుతుంది. 100 శాతం ఆక్సిజన్ ఇచ్చినా సాచురేషన్ నిలవకపోతే కూలింగ్ కొనసాగించాలా అన్నది సీనియర్ డాక్టర్ అప్పటికప్పుడు తేల్చాలి.

వీపు చర్మం చూడటం మరవకండి. బిడ్డను కొన్ని గంటలకోసారి పక్కకు తిప్పకుండా వదిలేస్తే భుజాల మీద, వీపు మీద చర్మం కింద కొవ్వు గడ్డకట్టి ఎర్రగా, గట్టిగా తయారవుతుంది. ఇది డిశ్చార్జి అయిన వారాల తర్వాత కూడా బయటపడొచ్చు, దానితో రక్తంలో కాల్షియం పెరుగుతుంది. ఇంటికి వెళ్లేటప్పుడే తల్లికి ఈ మాట చెప్పి పంపాలి.

టెకోథెర్మ్, క్రిటికూల్ లాంటి సర్వో యంత్రాలతో పోలిస్తే ఎలా? అవి ప్రోబ్ అంకె చూసి బిడ్డ ఒంటికి చుట్టే చుట్టలో తిరిగే ద్రవం ఉష్ణోగ్రతను తామే మార్చుకుంటాయి. తిరిగి వేడెక్కించడం కూడా తామే చేస్తాయి. సిస్టర్‌కు పని తక్కువ, నిలకడ ఎక్కువ. ధర, చుట్టలు, సర్వీసింగ్, అన్నీ ఖరీదే. తొట్టె కొనుగోలుకు అందులో కొద్ది భాగం చాలు, రిపేరుకు పెద్దగా ఏమీ లేదు. కానీ ఆ ఆదాను సిస్టర్ల సమయంతో చెల్లిస్తున్నామని గుర్తుంచుకోవాలి. నలుగురైదుగురు బిడ్డలకు ఒకే సిస్టర్ ఉన్న రాత్రి షిఫ్టులో 15 నిమిషాలకోసారి అంకె ఎవరు చూస్తారు? జవాబు లేని యూనిట్ ఈ తొట్టె కొనకూడదు.

తిరిగి వేడెక్కించేటప్పుడే తొట్టె బలహీనత బాగా కనిపిస్తుంది. 72 గంటలయ్యాక గంటకు 0.2 నుంచి 0.5 డిగ్రీలకు మించకుండా 36.5కి తేవాలి. అంటే 3 డిగ్రీలకు 6 నుంచి 15 గంటలు. సర్వో యంత్రం దీన్ని మెట్లు మెట్లుగా చేస్తుంది. ఇక్కడ పలకలు ఒక్కొక్కటి తీసి, తర్వాత వార్మర్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ చేత్తో చేయాలి. తొందరపడి పలకలన్నీ ఒకేసారి తీసేసి వార్మర్ వేస్తే గంటలో ఒక డిగ్రీన్నర ఎక్కేస్తుంది. ముడుచుకున్న రక్తనాళాలు ఒక్కసారి విప్పుకుని బీపీ పడిపోతుంది. అదే సమయంలో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అవసరం పెరిగి సరఫరా తగ్గితే ఫిట్స్ వస్తాయి. మూడు రోజుల కష్టం గంటలో పోతుంది. గంటగంటకూ చార్టు గీసి, 0.5 గీత దాటితే ఆగి, ఒక గంట అక్కడే ఉంచి మళ్లీ మొదలుపెట్టండి. 36.5 వచ్చాక 37 దాటకుండా ఇంకో రోజు కాపలా కాయండి, జ్వరం ఈ మెదడుకు శత్రువు.

ఇప్పుడు ఏ కంపెనీ బ్రోచర్ చూసినా మొదటే అడగాల్సిన ప్రశ్న. కూలింగ్ నిజంగా పనిచేస్తుందా? 2005, 2009 సంవత్సరాల్లో వచ్చిన పెద్ద ట్రయల్స్, వాటితో కలిపి 11 ట్రయల్స్, 1,505 మంది బిడ్డలపై 2013లో వచ్చిన కోక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే సంస్థ) సమీక్ష, ఇవన్నీ పనిచేస్తుందనే చెప్పాయి. ఏడుగురు బిడ్డలను చల్లబరిస్తే ఒకరిని మరణం నుంచో తీవ్ర వైకల్యం నుంచో కాపాడొచ్చని తేల్చాయి. అవి ఎక్కువగా సంపన్న దేశాల్లోని ఎన్ఐసీయూలు. 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన హెలిక్స్ ట్రయల్ వేరే మాట చెప్పింది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలోని 7 పెద్ద ఆసుపత్రుల్లో 408 మంది బిడ్డలు. మరణమో వైకల్యమో చల్లబరిచినవాళ్లలో 50 శాతం, చల్లబరచనివాళ్లలో 47. ఒక్క మరణాలే చూస్తే 42 శాతం, 31 శాతం. తగ్గలేదు సరికదా పెరిగాయి. అక్కడ వాడింది పలకల తొట్టె కాదు, ఖరీదైన సర్వో యంత్రమే. కాబట్టి తప్పు ఉష్ణోగ్రత నిలకడది కాదు. మరోవైపు ఫేజ్ చేంజ్ పద్ధతితోనే మన దేశంలో 50 మంది బిడ్డలపై చేసి 2020లో ప్రచురించిన చిన్న ట్రయల్‌లో ఎమ్మారైలో మెదడు దెబ్బ తక్కువగా కనిపించింది.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు అర్థమైంది ఇది. బిడ్డకు దెబ్బ ఎప్పుడు తగిలిందో, ఎన్ని గంటలకు చేరిందో, వెంటిలేటర్, బీపీ మందులు, ఈఈజీ (మెదడు తరంగాలు చూసే పరీక్ష), గంటగంటకూ చూసే మనుషులు ఉన్నారో లేదో, ఇవే ఫలితాన్ని నిర్ణయిస్తున్నాయి. తొట్టె చవగ్గా దొరుకుతోంది కదా అని వెంటిలేటర్ లేని ప్రతి నర్సింగ్‌హోమూ కొని పెట్టుకుంటే, అది హెలిక్స్ చెప్పిన కీడును ఊళ్లకు తెచ్చుకోవడమే. మా సిఫారసు స్పష్టం: బిడ్డలు అక్కడే పుట్టే పెద్ద ఆసుపత్రి, సొంత వెంటిలేటర్లు, రక్త వాయువుల యంత్రం, కూలింగ్ బిడ్డకు విడిగా ఒక సిస్టర్, ఇవి ఉండి సర్వో యంత్రానికి డబ్బులేని యూనిట్‌కు మిరాక్రేడిల్ మంచి కొనుగోలు. ఐస్ ప్యాకులతో నెట్టుకొస్తున్నవాళ్లకు అంతకంటే ఎంతో మేలు. మిగతావాళ్లు ఆ డబ్బుతో బ్యాగ్ మాస్క్ సామగ్రి, ప్రసవం గదిలో సిబ్బందికి శిక్షణ, తక్కువ ఉష్ణోగ్రత థర్మామీటర్, సరైన రవాణా ఏర్పాటు చేసుకుంటే ఎక్కువమంది బిడ్డలు బతుకుతారు. తల్లిదండ్రులు కూడా డాక్టర్‌ను ఈ ప్రశ్నలు అడగొచ్చు, అడగాలి: బిడ్డ పుట్టి ఎన్ని గంటలైంది, ఏ స్థాయి దెబ్బ, లాభనష్టాలు రెండూ ఏమిటి.

తొట్టె పక్కన తల్లిని నిలబెట్టేటప్పుడు ముందే చెప్పండి, బిడ్డ చేయి చల్లగా తగులుతుంది, కదలిక తక్కువ ఉంటుంది, మందు మత్తు ఉంటుంది అని. మన ఇళ్లలో పసిబిడ్డ ఒళ్లు చల్లబడిందంటే గుండె ఆగినంత పని అవుతుంది. చెప్పకపోతే అమ్మమ్మ కొంగు తీసి కప్పేస్తుంది, అది ప్రేమే గానీ గంటలో అంకె 34 దాటుతుంది. తాకొచ్చు, మాట్లాడొచ్చు, వేలు పట్టుకోవచ్చు. దుప్పటి మాత్రం వద్దు. తల్లిని తన పాలు పిండి ఇవ్వమని మొదటి రోజు నుంచే చెప్పండి. బిడ్డ నిలకడగా ఉంటే డాక్టర్ కూలింగ్‌లోనే ట్యూబ్ ద్వారా కొద్దిగా ఇవ్వొచ్చు. లేకపోయినా, వేడెక్కిన రోజున అవి సిద్ధంగా ఉంటాయి.